ఉబ్బసము: బాగున్న నాటి మందు

మగ్గము ముందు కూర్చున్న వారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పడుగుకు గంజి పెట్టనిదే నేత సాగదు. బట్ట అంగడికి పోయిన పిమ్మట ఆ గంజి ఎవరికిని కనుపించదు. ఒక్క ఉతుకుతో పోవును. అయినను గంజి లేని పడుగు నాడె రాపిడికి నిలువదు. గడియకొక పోగు తెగును. తెగిన పోగును అతుకుట కూడ నేర్పే, కాదనము. కాని పొద్దస్తమానము పోగులు అతుకుచు కూర్చున్నవాడు సాయంత్రమునకు నేసిన గుడ్డ ఎంత?

ఉబ్బసమునకు వాడు మందులలోను ఈ రెండు పనులే కలవు. ఒక మందు గంజి వంటిది. రెండవది అతుకు వంటిది. మనవారు అతుకు మందును జేబులో పెట్టుకొని తిరుగుదురు. గంజి మందును మాత్రము నాలుగు దినములు బాగుండగానే మానుదురు. ఈ పాఠము ఆ మొదటి మందును గూర్చినది. దానిని ఏల మానరాదో, మనవారు ఏల మానుచున్నారో, మానకుండుటకు ఇంటిలో ఏమి చేయవచ్చునో చెప్పుటయే మా ఉద్దేశము.

మా వీధిలో జరిగినది

ఇక్కడ చంద్రపూర్‌లో మన కుటుంబములు కొన్ని ఇంకను నేతనే నమ్ముకొని యున్నవి. తక్కినవారు బొగ్గు గనులలోను, మిల్లులలోను, బట్టల దుకాణములలోను పని చేయుచున్నారు. మా వీధిలో కండెలు చుట్టే ఒక అక్కకు చాల కాలముగా ఉబ్బసము ఉన్నది. మరాఠీ ఇరుగుపొరుగు దానిని 'దమా' అందురు. మన ఇండ్లలో 'దమ్ము' అందురు. డాక్టరుగారు ఆమెకు రెండు పీల్చు మందులు ఇచ్చిరి. ఒకటి రోజూ ఉదయము, రాత్రి పీల్చుటకు. రెండవది ఆయాసము వచ్చినప్పుడు మాత్రమే.

రెండు నెలలు ఆమె తప్పక పీల్చినది. రాత్రి దగ్గు పోయినది, నిద్ర పట్టినది. అప్పుడు ఇంటి పెద్దావిడ, "మంచిగనే ఉన్నవు గద బిడ్డా, ఇంక రోజూ మందెందుకు?" అన్నది. ఆ మాటలో కోడలిపై ప్రేమ ఉన్నది, ఇంటి ఖర్చు చింతయు ఉన్నది. రోజూ పీల్చు మందు ఆగిపోయినది. చలి ముదిరిన ఒక రాత్రి ఆమెకు ఊపిరి అందలేదు. రెండవ మందు ఎన్నిసార్లు పీల్చినను నిలువలేదు. వీధివారము ఇల్లిల్లు తిరిగి సొమ్ము పోగుచేసి, ఆటోలో ఆసుపత్రికి చేర్చితిమి. దైవకృపచే ప్రాణము దక్కినది.

తరువాత లెక్క చూచుకొనగా, మాకు సిగ్గు కలిగినది. ఆ ఒక్క రాత్రికి, పిమ్మటి దినములకు వీధివారము పోగుచేసిన సొమ్ముతో ఆమెకు చాల నెలల మందు వచ్చియుండెడిది. ఆయాసము వచ్చిన రాత్రి అందరమును పరుగెత్తితిమి. మందు మానిన నాడు ఒక్కరమైనను అడుగలేదు.

రొమ్ములో జరుగునది

ఉబ్బసము అనగా ఊపిరి గొట్టముల లోపలి పొర వాచియుండుట. వాచిన గొట్టములకు దుమ్ము, పొగ, చలిగాలి, జలుబు తగిలినచో చుట్టునున్న కండరములు బిగుసుకొనును, లోపల చీమిడి వంటి జిగురు ఊరును, దారి ఇరుకగును. అప్పుడు పిల్లికూత, దగ్గు, ఆయాసము బయటపడును.

ముఖ్యముగా తెలిసికొనవలసినది ఇది. ఆయాసము లేని దినములలో కూడ లోపలి వాపు ఉండవచ్చును. ఆయాసము వచ్చిపోవు చుట్టము. వాపు ఇంటిలోనే ఉండు మనిషి.

ఉపశమన మందు, అనగా సాల్‌బ్యుటమాల్ వంటిది, బిగిసిన కండరములను సడలించును. నిమిషములలో పని చేయును. దాని ప్రభావము నాలుగు నుండి ఆరు గంటలు ఉండును. వాపును మాత్రము అది తాకదు. నివారణ మందు, అనగా బుడెసొనైడ్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్ వంటివి, వాపును తగ్గించును. పీల్చిన వెంటనే ఏమియు తెలియదు. ఒకటి రెండు వారములలో మార్పు కనిపించును. పూర్తి ఫలము చేతికి వచ్చుటకు నెలలు పట్టును. మానిన నాడును వెంటనే ఏమియు తెలియదు. కొద్ది వారములలో వాపు మెల్లగా తిరిగి వచ్చును. ఈ ఆలస్యమే మనలను మోసగించుచున్నది. మందు మానిన మరునాడు బాగుండుట చూచి, "మందు లేకున్నను బాగున్నాను" అనుకొందుము. నిజమునకు ఆ బాగు నిన్నటి మందు మిగిల్చిన బాగు.

రెండు మందులు కలిపిన పీల్చు మందులు కూడ ఉన్నవి. బుడెసొనైడ్‌తో ఫార్మొటెరాల్ కలిపినది అట్టిది. ఉబ్బసమును గూర్చి ప్రపంచ వైద్యులకు సూచనలిచ్చు 'జీనా' సంస్థ, పెద్దవారు కేవలము సాల్‌బ్యుటమాల్‌పై ఆధారపడుట క్షేమము కాదని 2019లో స్పష్టముగా చెప్పినది. మీ డబ్బా ఏ జాతిదో దాని రంగు చూచి నిర్ణయింపకుడు. పేరు చదివించుకొని, "ఇది రోజూ పీల్చునదా, ఆయాసమునకా?" అని డాక్టరుగారిని అడిగి, మూతమీద తెలుగులో వ్రాసి పెట్టుకొనుడు.

లెక్కలు చెప్పునది

ఇది మన బస్తీలోని బలహీనత మాత్రమే కాదు. దీర్ఘకాలపు జబ్బులకు మందులను చెప్పిన ప్రకారము వాడువారు సంపన్న దేశములలో సైతము సుమారు సగము మందియే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించినది. చదువు, ధనము ఉన్న చోటనే ఇట్లున్నది. కావున మందు మానినవారిని మూర్ఖులని నిందించుట న్యాయము కాదు. ఇది మనుష్య స్వభావము, దానిని గెలుచుటకు ఉపాయము కావలెను.

మానిన ఫలితమును గూర్చి కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రపు రోగుల లెక్కలతో చేసిన పరిశోధన ఒకటి 2000లో వెలువడినది. సంవత్సరములో నివారణ మందు డబ్బా ఒక్కొక్కటి ఎక్కువ వాడినకొలది, ఉబ్బసముచే మరణించు ప్రమాదము సుమారు 21 శాతము చొప్పున తగ్గినట్లు అందు తేలినది. మందు మానిన మొదటి మూడు నెలలలో, వాడుచున్నవారికంటె మానినవారిలో మరణములు హెచ్చుగా కనిపించినవి.

బ్రిటనులో ఉబ్బసముచే మరణించిన 195 మంది చరిత్రలను వైద్యులు పరిశీలించి 2014లో నివేదిక ఇచ్చిరి. ఉపశమన మందు లెక్క దొరికినవారిలో 39 శాతము మంది చివరి సంవత్సరములో 12 కంటె ఎక్కువ డబ్బాలు పొందిరి. నివారణ మందు లెక్క దొరికినవారిలో 38 శాతము మంది సంవత్సరమునకు నాలుగు డబ్బాలైనను పొందలేదు. అతుకు మందు అతిగా, గంజి మందు అరకొరగా వాడిరన్నమాట.

మన దేశము సంగతి మరింత ఆలోచింపదగినది. 2019 నాటి అంచనాల ప్రకారము ప్రపంచములోని ఉబ్బస రోగులలో మనవారు సుమారు 13 శాతము. ఉబ్బస మరణములలో మాత్రము 40 శాతమునకు పైగా మనవే. జబ్బు గుర్తింపబడకపోవుట, నివారణ మందు అందకపోవుట, అందినను నిలువకపోవుట ఇందుకు ముఖ్య కారణములు.

మన ఊరి గాలి, మన పని దుమ్ము

చంద్రపూర్ వారికి ఈ పాఠము మరింత అవసరము. చుట్టును బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారములు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, దుర్గాపూర్ వద్ద 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రము ఉన్నవి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశములోని పారిశ్రామిక ప్రాంతములకు కాలుష్య సూచికలు కట్టినప్పుడు చంద్రపూర్‌కు 83.88 వచ్చినది. తీవ్రముగా కలుషితమైన ప్రాంతములలో అది నాలుగవ స్థానము.

దీనికి తోడు మన వృత్తిలో నూలు దుమ్ము, ఎండిన గంజి పొడి ఉన్నవి. చాల ఏండ్లు ప్రత్తి దుమ్ములో పని చేసినవారికి 'బిస్సినోసిస్' అను వేరొక జబ్బు రావచ్చును. వారపు సెలవు తరువాత పనిలో దిగిన మొదటి దినమున రొమ్ము బిగువుగా ఉండుట దాని గుర్తు. చట్టములో ఇది తెలియజేయవలసిన వృత్తి రోగములలో చేర్చబడినది. అట్టి గుర్తు ఉన్నవారు "నేను నూలు దుమ్ములో పని చేయుచున్నాను" అని డాక్టరుగారికి తప్పక చెప్పవలెను.

గాలి శుభ్రము కావలెనని అడుగుట మన హక్కు, అడుగుచునే యుండవలెను. కాని అది ఒక ఇంటి చేతిలో లేదు. తడిబట్టతో నేల తుడుచుట, ముక్కుకు గుడ్డ కట్టుట, పొగపొయ్యి మానుట, రోజూ మందు పీల్చుట మన చేతిలో ఉన్నవి. గాలి చెడ్డదైనకొలది నివారణ మందు అవసరము పెరుగునే గాని తగ్గదు.

మానుటకు మనవారు చెప్పు కారణములు

*"బాగున్నాను గదా."* దీనికి సమాధానము పైననే చెప్పితిమి. బాగుండుట మందు పని చేయుచున్నదనుటకు సాక్ష్యము. మూడు నెలలు నిలకడగా బాగున్నచో మోతాదు తగ్గింపవచ్చునేమో డాక్టరుగారే చూతురు. తగ్గించుట వేరు, మానుట వేరు.

*"అలవాటు పడిపోవుదుము."* పీల్చు మందు మత్తు పదార్థము కాదు. మానిన తరువాత ఆయాసము తిరిగి వచ్చుట అలవాటు వలన కాదు, జబ్బు ఇంకను ఉన్నందున.

*"అది స్టెరాయిడు గదా."* నిజమే. కాని మోతాదు చూడుడు. చాలమందికి పీల్చు బుడెసొనైడ్ దినమునకు 200 నుండి 400 మైక్రోగ్రాములు చాలును. ఆయాసము ముదిరి ఆసుపత్రికి పోయినవారికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు తరచుగా దినమునకు 40 మిల్లీగ్రాములు ఇత్తురు. అవి వేరు వేరు మందులే అయినను, తూకములో ఇది 400 మైక్రోగ్రాములకు నూరు రెట్లు. పైగా మాత్ర శరీరమంతయు తిరుగును, పీల్చినది చాలవరకు ఊపిరితిత్తులలోనే పని చేయును. చిన్న స్టెరాయిడుకు భయపడి పెద్ద స్టెరాయిడును కొనితెచ్చుకొనుట లాభమా?

*"పిల్లకు సంబంధము కుదరదు."* ఈ మాట మనసును కలచును. ఆడపిల్ల డబ్బాను దాచుకొని, చాటుగా పీల్చి, చివరకు మానివేయుట మేము చూచినాము. మందు పీల్చు పిల్ల పని చేయగలదు, చదువగలదు, బిడ్డలను కని పెంచగలదు. గర్భిణులు కూడ తమంతట తాము మందు మానరాదు. తల్లికి ఊపిరి అందనిచో గర్భములోని బిడ్డకును అందదు. దాచవలసినది డబ్బాను కాదు, మార్చుకొనవలసినది మన చూపును.

*"చేప మందుకు పోయి వచ్చినాము."* మృగశిర కార్తె వచ్చినప్పుడు హైదరాబాదులో బత్తిని వారు పంచు చేప ప్రసాదమునకు బల్లార్షాలో రైలెక్కి పోవువారు మనలోను కలరు. అది ఉబ్బసమును పోగొట్టునని వైద్య పరీక్షలలో రుజువు కాలేదు. నమ్మకముతో పోవువారితో మాకు తగవు లేదు. కాని ఒక సంగతి గమనింపుడు. దానికొరకు మనవారు మూడేండ్లు వరుసగా పోవుదురు, 45 దినములు పథ్యము తప్పరు. మనకు నియమము తెలియదని ఎవరనగలరు? ఆ నియమములో సగము రోజూ పీల్చు మందుకు చూపినను చాలును. చేప తీసికొన్నవారు కూడ డాక్టరుగారి మందు మానరాదు.

*"ఖర్చు."* ఇది అన్నిటికంటె నిజమైన కారణము. బుడెసొనైడ్ పీల్చు మందు మన దేశపు అత్యవసర మందుల పట్టికలో ఉన్నది. జన ఔషధి దుకాణములలో తక్కువ ధరకు దొరకునేమో ముందు అడుగుడు. అంటురోగములు కాని జబ్బులకై కేంద్ర ప్రభుత్వము నడుపు కార్యక్రమములో 2023 నాటి మార్గదర్శకములు ఉబ్బసమును కూడ చేర్చినవి. కావున ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉన్నదా అని నోరు తెరచి అడుగుటకు సంకోచింపకుడు. పొడి గొట్టాలు పీల్చు పరికరము కొందరికి చవుకగా పడును. ఖర్చు భరింపలేనిచో ఆ సంగతి డాక్టరుగారికే చెప్పవలెను. చెప్పక మానివేయుట కంటె చెప్పి చవుకది వ్రాయించుకొనుట మేలు.

ఇంటిలో చేయవలసినవి

1. మందును ఒక నిత్యకృత్యమునకు ముడివేయుడు. పండ్లు తోముకొను చోట డబ్బా పెట్టుడు. ముందు మందు, పిమ్మట పండ్లు. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను గనుక ఇది రెండు విధముల మేలు. పుక్కిలింపనిచో నాలుకపై తెల్లని పూత, గొంతు బొంగురు రావచ్చును.

2. డబ్బాను లెక్కించుడు. 120 సార్లు వచ్చు డబ్బాను ఉదయము రెండు, రాత్రి రెండు చొప్పున పీల్చినచో సరిగా 30 దినములు రావలెను. మొదలుపెట్టిన తేదీని డబ్బామీద వ్రాయుడు. నూనె, పప్పు ఎక్కువ దినములు వచ్చిన ఇల్లాలి పొదుపు అందుము. ఈ డబ్బా మూడు నెలలు వచ్చినచో అది పొదుపు కాదు, మూడింట రెండు వంతుల మందు పీల్చలేదని అర్థము.

3. ఉపశమన మందును కూడ లెక్కించుడు. 200 సార్లు వచ్చు డబ్బాలు సంవత్సరములో మూడు అయిపోయినచో జబ్బు అదుపులో లేదు. నెలకొకటి అయిపోయినచో ప్రాణాపాయము దగ్గర ఉన్నట్లే. వెంటనే డాక్టరుగారిని చూడవలెను.

4. పీల్చు పద్ధతిని నేర్చుకొనుడు. గాలితో నొక్కు డబ్బా అయినచో బాగుగా ఊపి, ఊపిరి వదలి, పెదవులు బిగించి, మెల్లగా లోతుగా పీల్చుట మొదలుపెట్టుచుండగా నొక్కి, పది లెక్కించువరకు ఊపిరి బిగబట్టవలెను. పిల్లలకు, ముసలివారికి, నొక్కుట కుదరనివారికి 'స్పేసరు' అను బుడ్డి తగిలించినచో మందు చక్కగా లోపలికి పోవును. పొడి గొట్టము పరికరమైనచో వేగముగా, బలముగా పీల్చవలెను. ఆసుపత్రికి పోయిన ప్రతిసారి డబ్బా తీసికొని పోయి, వారి ఎదుట పీల్చి చూపుడు. రోజూ పీల్చియు గుణము కనిపింపనివారిలో చాలమందికి లోపము పద్ధతిలోనే ఉండును.

5. ఎండనుండి కాపాడుడు. మన ఊరిలో మే నెలలో ఎండ 47 డిగ్రీలు దాటు దినములు ఉన్నవి. రేకుల కప్పు క్రింది గూటిలో, బండి పెట్టెలో డబ్బా ఉంచరాదు. నేలకు దగ్గరగా, చల్లని మూల, నీటికుండ దరిని పొడిచోట ఉంచుడు.

6. ప్రయాణములలో మరువకుడు. చైత్రమున మహాకాళి జాతరకు చుట్టములు వచ్చినప్పుడు, పెండ్లిండ్లకు తెలంగాణము పోయినప్పుడు నియమము తప్పుట సహజము. మూట కట్టునప్పుడు మొదట పెట్టవలసినది మందు డబ్బా.

7. ఒక పూట మరచినచో భయపడి మొత్తము వదలివేయకుడు. తరువాతి పూట మామూలు మోతాదు తీసికొని సాగుడు.

ఆగకూడని వేళ

ఒక వాక్యము పూర్తిగా పలుకలేనంత ఆయాసము, పెదవులు నీలముగా మారుట, ఉపశమన మందు పీల్చిన నాలుగు గంటలలోపలనే ఆయాసము తిరిగి వచ్చుట, మగతగా ఉండుట. వీటిలో ఏ ఒక్కటి కనిపించినను తెల్లవారనీ అని ఆగరాదు. 108కి ఫోను చేయుడు, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి పోవుడు. దారిలో రోగిని కూర్చుండబెట్టి, ఉపశమన మందును స్పేసరుతో ఒక్కొక్కసారి చొప్పున నాలుగుసార్లు ఇచ్చి, తగ్గనిచో ఇరువది నిమిషములకు మరల ఇవ్వవచ్చును.

సంఘముగా మనము

చివరకు మనలను మనమే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. సంఘములు ఆపదలో సహాయము చేయును. ఆసుపత్రి బిల్లుకు చందా పోగుచేయును. అది మంచిదే. కాని ఆపద రాకుండ నెలనెలా కావలసిన చిన్న సొమ్మును అడుగుటకు రోగి సిగ్గుపడును, ఇచ్చుటకు మనకు తోచదు. ఆసుపత్రిలో పడినవానికి వెయ్యి రూపాయలు ఇచ్చుటకు వెనుకాడనివారము, బాగున్నవానికి మందు డబ్బా ఇచ్చుటకు వెనుకాడుచున్నాము.

కావున సభ్యులకు మా మనవి. ప్రతి వీధిలో ఉబ్బసము ఉన్న కుటుంబములను పెద్దలు గుర్తుంచుకొనవలెను. నెలకొకసారి, "అక్కా, డబ్బా ఎన్ని దినములు వచ్చినది? కొత్తది తెచ్చుకొన్నావా?" అని అడుగవలెను. కొనలేనివారి పేరు బయటపెట్టకుండ సహాయనిధి నుండి ఆ నెల మందు ఇప్పించవలెను. ఇంటి పెద్దలు "మంచిగనే ఉన్నవు గద" అన్న మాటకు తోడుగా, "మందు పీల్చినవు గనుకనే" అన్న మాట కూడ చేర్చవలెను.

పైన చెప్పిన అక్క ఇప్పుడు రోజూ మందు పీల్చుచున్నది. డబ్బామీద తేదీ వ్రాయునది ఆమె అత్తగారే. ఈ చలికాలములో ఆ ఇంటివారు రాత్రివేళ మా తలుపు తట్టలేదు.